పోటు రాని నీళ్లు

ఓడలరేవు,
ఆగస్టు 9.

పుష్పలతకి,

కోడలికి రాసేటప్పుడు పైన ఏదో దీవెన రాయాలని నాకూ తెలుసు. చెయ్యి రాలేదు, మానేసేను.

ఫోను చేస్తే నా మాట సగంలో ఉండగానే కట్టేస్తున్నావు. అదేమిటే అంటే సిగ్నలు లేదంటావు. నేను కేకలేసినప్పుడే పోతుందేం ఆ సిగ్నలు? అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని సగంలో కట్టెయ్యలేవు. చింపుతావేమో, చింపే ముందు మాత్రం చదువుతావు, నీ సంగతి నాకు తెలియందా. నేను చదివింది ఐదో క్లాసు. తప్పులుంటే నవ్వుకో. నా కొడుకు రమణకి చదువు అంటలేదు కాబట్టి వాడికి నువ్వే చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకుండా వినిపించాలి.

నా ఇంట్లోంచి నువ్వు పట్టుకుపోయినవి రెండు. ఒకటి నా కొడుకు, రెండోది మీ మావగారి నావ. జూన్లో వేట నిషేధం ఎత్తేసి ఊళ్లో నావలన్నీ సముద్రం మీదకి వెళ్తుంటే, మా నావ మాత్రం శామ్యూల్ ఐసు లారీ ఎక్కి కొండల్లోకి పోయింది. ఊరు లేవకముందే, దొంగల్లాగ! ఇంత విడ్డూరం ఈ రేవులో ఎవరూ చూడలేదు. నేను ఇప్పుడు రేవులోనే కూచుని రాస్తున్నాను. అందరూ వింటున్నారు, పైకి చదువుతూనే రాస్తున్నాను. వినాలి కూడా.

వాడి తాత, తండ్రి మొగ దాటి వేటాడినవాళ్లు. గోదారి సముద్రంలో పడే ఆ మొగ దాటడమంటే గుండె ఉండాలి. నువ్వు కపిలేశ్వరపురం అవతల లంకలో దోసకాయలు కోసుకునే ఇంటి పిల్లవి. నీకు ఉప్పుగాలి పడదు, చేపలు ఎండబెట్టిన వాసన పడదు. పడకపోతే నువ్వు పోవాలి గానీ వాణ్ణెందుకు లాక్కుపోయేవు? ఎక్కడో డ్యాము వెనక నిలవనీళ్లలో సముద్రం మనిషి ఏం చేస్తాడే? ఊరి పేరు చూడబోతే రాతిపెంటట! పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఇదే మాట కుళాయి దగ్గరా చెప్పేను, అమలాపురం చేపల బజార్లోనూ చెప్పేను. ఇంకా చెప్తాను.

కార్తీక పౌర్ణమి నాటికి నా నావ నా రేవులో ఉండాలి. లేదంటే నేనే లారీ కట్టించుకుని వస్తాను.

మంగాయమ్మ


రాతిపెంట రేవు,
ఆగస్టు 27.

అత్తయ్యగారికి,

నమస్కారమండి. మీరు దీవెన రాయకపోయినా నేను నమస్కారం రాస్తున్నాను. మా అమ్మ అలా పెంచింది.

ఉత్తరం అందిందండి. ఒక్క ముక్క వదలకుండా మీ అబ్బాయికి చదివి వినిపించేను. విని, కంచం ముందునుంచి లేచిపోయి నీళ్ల ఒడ్డున కూచున్నారు. మీకు తృప్తిగా ఉంటుందని రాస్తున్నాను.

నేను లాక్కుపోయేనన్నారు. ఆయ్, అలాగేనండి. మరి మా పక్కబట్టలూ బియ్యం డబ్బా నా కుట్టుమిషనూ వీధిలోకి గిరాటేసింది ఎవరండి? "దీన్ని తీసుకుని ఎక్కడికైనా పోరా" అని వీధి వీధంతా వినేలా కేకలేసింది ఎవరండి? ఆ మిషను సూదికాడ ఇప్పటికీ వంకరగానే ఉంది. మీరు పొమ్మన్నారు, మేం పోయేం. చెప్పినమాట విన్నందుకు కూడా తిట్టేవాళ్లని మిమ్మల్నే చూసేను.

ఇక్కడ ఎలా ఉందని మీరు అడగలేదు. అయినా చెప్తాను, అడక్కుండా చెప్పడం మీ దగ్గరే నేర్చుకున్నాను. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు. అవతలి ఒడ్డు పొద్దుటిపూట కనపడుతుంది, మధ్యాహ్నానికి ఎండపొగలో కలిసిపోతుంది. మేం వచ్చిన రోజు మీ అబ్బాయి దోసిటితో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని, ఉమ్మేసి, "చప్పగా ఉన్నాయే" అన్నారు. ఆ మొహం మీరు చూడాల్సింది.

మొదటి రోజు వల వేసేరు. మన కాలవలో అయితే వల జారవిడుస్తుంటే నీరే దాన్ని సాగదీసుకుపోతుందట కదండీ. ఇక్కడ వేసిన వల వేసినచోటే కుప్పగా పడింది. పైకి తీస్తే ఏముంది, చిక్కుపడిన వల, అందులో ఓ ఎండుకొమ్మ. "పోటు రానీ, అప్పుడు వేద్దాం" అని ఒడ్డున పుల్ల పాతి దాని పక్కన కూచున్నారు. మధ్యాహ్నమైంది. నీళ్లు పుల్ల దగ్గరే ఉన్నాయి. పక్క గుడిసె ఆవిడ వచ్చి, "ఏంది, పుల్లకి కాపలా కాస్తున్నవా?" అంది. పోటు కోసం చూస్తున్నానన్నారు. "అదెవరు?" అంది.

నవ్వొచ్చిందా అండి? మాకు రాలేదు. అప్పట్నుంచి పది మంది నవ్వుతూనే ఉన్నారు. మేం నేర్చుకుంటూనే ఉన్నాం. నీళ్లు ఎక్కే పోటూ తీసే పాటూ లేవు కాబట్టి ఇక్కడ గాలిని చూసుకోవాలి, కొండ నీడని చూసుకోవాలి. చేప పొద్దున ఎక్కడుంటుందో, ఎండెక్కితే ఏ లోతుకి దిగిపోతుందో అన్నీ మొదటినుంచీ. సముద్రం మీద పెరిగిన మనిషి ఇక్కడ మళ్లీ ఒకటో తరగతిలో కూచున్నట్టుంది.

నావ పంపమండి. అది లేకపోతే మాకు పొయ్యి వెలగదు. మావగారి తరవాత అది ఆయన కొడుకుది.

పుష్పలత


ఓడలరేవు,
సెప్టెంబరు 20.

పుష్పలతా,

శామ్యూల్ వచ్చేడు. మీ రేవు మీదుగా చేపలకి వెళ్లేడట. వాడు చెప్పిన మాట విని నా చేతిలో గంప జారిపోయింది. నావ ఎక్కేవటే? ఆ నావ మీద కూచుని తెడ్డు వేస్తున్నావట!

నీకు ఎవరూ చెప్పలేదనకు. పెళ్లయి వచ్చిన మొదటివారమే చెప్పేను. వేటకెళ్లే నావ మీద ఆడది కాలు పెట్టకూడదు. పసుపునీళ్లు చల్లేది ఒడ్డునుంచే, బొట్టు పెట్టేది ఒడ్డునుంచే. నేను కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ నావని కడిగేను, దాని వలలు అల్లేను, దాని చేపలు మోసేను. కాలు పెట్టలేదు. మీ మావగారు పోయిననాడు కూడా ఒడ్డునే నిలబడి, దాని అంచు పట్టుకుని ఏడ్చేను గానీ కాలు పెట్టలేదు. నువ్వు చెప్పుల కాళ్లతో ఎక్కేవేమో కూడా!

నీకు పట్టింపులేదు. సరే. రెబెకాని చూసైనా బుద్ధి తెచ్చుకోవద్దూ? పోయినేడు మొగ దగ్గర పెద్ద బోటు బోల్తాపడ్డప్పుడు రమణ బతికి ఒడ్డుకొచ్చేడు, దాని మొగుడు జయప్రకాష్ రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు నా పక్కనే కూచుని చేపలు ఏరుతోంది. మాటా పలుకూ తగ్గిపోయింది. నీళ్లతో ఆటలొద్దని నీకు ఇంకెవరు చెప్పాలి?

రేవులో మగాళ్లు నా మొహం మీదే అడుగుతున్నారు, "ఆడకూతురు తొక్కిన నావని మళ్లీ మొగ దాటిస్తావా మంగాయమ్మా" అని. ఏం చెప్పను? నా కోడలికి సిగ్గూ శరం లేవని చెప్పేను. చెప్పక దాచుకోనా?

ఇంకో మాట. జిలేబీ చేపలు పడుతున్నారట. మన వీధిలో పిల్లి కూడా ముట్టదు వాటిని.

మంగాయమ్మ


రాతిపెంట రేవు,
అక్టోబరు 8.

అత్తయ్యగారికి,

నమస్కారం. చెప్పులు ఒడ్డునే విడిచి ఎక్కేనండి. ఆ మాత్రం ఉంది నాకు.

రెండు నెలలు మీ మాట మీదే ఉన్నాను. ఒడ్డున రాయి మీద కూచునేదాన్ని. మీ అబ్బాయి ఒక్కరూ నావ నడుపుతూ, వల వదులుతూ, మళ్లీ పరిగెత్తి తెడ్డు పట్టుకుంటూ అవస్థపడేవారు. గాలి చిన్నగా వీస్తే చాలు, నావ వెళ్లి తను వేసిన వల మీదే ఎక్కేది. ఇక్కడ అందరూ మొగుడూ పెళ్లాం కలిసి వెళ్తారండి. ఒకరు మెల్లగా తెడ్డు వేస్తుంటే ఒకరు వల వదలాలి. ఇద్దరు లేకపోతే ఈ నీళ్లలో వేట లేదు. పక్క గుడిసె ఆవిడ ఓ రోజు నన్ను నిలదీసింది. "మొగుడు అట్ల తిప్పలు పడుతుంటే నువ్వు రాయి మీద రాణిలెక్క కూచున్నవేంది? కాళ్లు లేవా?" అంది. మా ఊళ్లో ఆడవాళ్లు నావ ఎక్కకూడదన్నాను. "అయితే మీ ఊళ్లో తినేది కూడా మగోళ్లేనా?" అంది. దీనికి జవాబు మీ దగ్గరుంటే రాయండి, చెప్తాను.

ఎక్కేను కదా అని నాకు అన్నీ వచ్చేశాయని కాదు. నేను లంక పిల్లని, గోదాట్లో పడవ వెయ్యడం తెలుసు. అవతలి ఒడ్డున వేపచెట్టు దగ్గరికి వెళ్లాలంటే ప్రవాహం కిందికి తోసేస్తుందని దానికి పైగా చూసి తెడ్డు వెయ్యాలి. ఇక్కడా అలాగే వేసేను. తోసేవాళ్లు ఎవరున్నారు? ఎక్కడికో కొండ మొదటికి పోయేం. మీ అబ్బాయి నవ్వేరు. వచ్చినప్పట్నుంచి మొదటిసారి నవ్వేరని రాస్తే మీకు కోపం వస్తుంది కాబట్టి రాయకూడదు, కానీ రాసేసేను.

ఆయన తప్పు కూడా చెప్తాను, లేకపోతే మొగుణ్ణి వెనకేసుకొస్తున్నానంటారు. మొన్న సాయంత్రం నావని ఒడ్డుకి దగ్గరగా, మన రేవులో కట్టినట్టే కట్టేరు. తెల్లారి చూస్తే నావ బురద మీద ఉంది, నీళ్లు ఎక్కడో కిందున్నాయి. నేను కంగారుపడితే ఆయన నిదానంగా బీడీ ముట్టించేరు. "కంగారెందుకే, పాటు. కాసేపాగితే పోటొచ్చి అదే తేలుతుంది" అన్నారు. కూచున్నాం. వండుకుని తిన్నాం. మళ్లీ కూచున్నాం. చీకటిపడేముందు ఎవరో చెప్పేరు, డ్యాము దగ్గర నీళ్లు వదిలేశారు, ఇక ఇప్పట్లో పెరగవని. అందరూ ముందురోజే నావల్ని లోపలికి తీసుకుపోయేరట. ఇద్దరం కలిసి బురదలో మోకాళ్ల దాకా దిగి ఆ నావని లాగలేక చచ్చేం. చివరికి నవ్విన ఆ పదిమందే వచ్చి తోసేరు.

మొదట్లో వల సగం పోయిందండి. నీళ్ల కింద మునిగిపోయిన చెట్లున్నాయి, ఎక్కడున్నాయో వాటికి తగులుకుంటేనే తెలుస్తుంది. ఇప్పుడు తెలిసిపోయేయి. మొన్న ఓ వాలుగ చేప పడింది, నా చెయ్యంత ఉంది. జిలేబీ చేపలు పిల్లి తినదన్నారు కాబట్టి వాలుగ సంగతి రాస్తున్నాను.

నాకు సిగ్గూ శరం లేవని ఊరంతా చెప్తున్నారు. కపిలేశ్వరపురం దాకా పాకింది ఆ మాట. మా అమ్మకి సంతలో ఎవరో చెప్పేరట, మీ అమ్మాయి మొగుణ్ణి తల్లినుంచి విడదీసి నావ ఎత్తుకుపోయిందట కదా అని. ఆవిడ కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేసిందట. నన్నేమన్నా పడతాను. మా అమ్మ మీకేం చేసిందండి?

పుష్పలత


ఓడలరేవు,
అక్టోబరు 19.

పుష్పలతా,

మీ అమ్మ నిన్ను కన్నది. అది చాలదూ?

నీ ఉత్తరం రేవులో అందరికీ చదివి వినిపించేను. బురదలో నావ ఎక్కించి బీడీ కాల్చుకుంటూ కూచున్నాడని విని మగాళ్లు పడిపడి నవ్వేరు. నా కొడుకుని నలుగురిలో నవ్వులపాలు చేసింది నువ్వే. సముద్రం మీద ఉంటే వాడికి ఈ ఖర్మ పట్టేదా?

ఇక మాటల్లేవు. పౌర్ణమి ముందురోజు శామ్యూల్ లారీలో నేను వస్తున్నాను, నలుగురు మగాళ్లు కూడా వస్తున్నారు. నావ ఎక్కించుకుని పోతాం. నావ ఎక్కడుంటే నా కొడుకు అక్కడుంటాడు. నువ్వు రావచ్చు, రాకపోవచ్చు.

మంగాయమ్మ


రాతిపెంట రేవు,
అక్టోబరు 30.

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం రాస్తున్నట్టు మీ అబ్బాయికి తెలియదు. మీరు రేవులో పైకి చదవకండి. దణ్ణం పెట్టి అడుగుతున్నాను. ముందు ఇంటికి తీసుకెళ్లి చదవండి.

పోయిన శుక్రవారం గాలి లేచింది. ఇక్కడ గాలి కొండల సందులోంచి ఉన్నపళంగా వస్తుందండి. సముద్రం మీద అల పొడుగ్గా వస్తుందట, లేచి దిగడానికి కాస్త వ్యవధి ఉంటుందట. ఇక్కడి అల పొట్టిది, ఒకదాని మీద ఒకటి వచ్చి కొడుతుంది. వల సగం నీళ్లలో ఉంది. ఒక చెంబెడు నీళ్లు నావలోకి వచ్చేయి, అంతే. మీ అబ్బాయి వల వదిలేసి నావ అడుగున కూలబడిపోయేరు. రెండు చేతులతోనూ పక్కతాడు పట్టుకుని కళ్లు మూసేసుకున్నారు. తెడ్డు పట్టమని అరిచేను. వినపడలేదు. "జయా, చెయ్యి వదలకురా, చెయ్యి వదలకురా" అంటున్నారు. అదే మాట. ఆయన ఈ నీళ్లలో లేరండి, మొగ దగ్గర ఉన్నారు.

వల తాడు కోసేసేను. నావ ముక్కు గాలికి తిప్పి, తెడ్డు వేసుకుంటూ వేసుకుంటూ మధ్యలో ఉన్న తిప్ప చాటుకి చేర్చేను. అరిచేతుల తోలు ఊడిపోయింది, పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది, అక్షరాలు బాగాలేకపోతే క్షమించండి. తిప్ప మీద ఆయన తెగిన వల తాడు చేతిలోకి తీసుకున్నారు. తరవాత, "అమ్మకి చెప్పకు" అన్నారు.

చెప్తున్నాను. మీ అబ్బాయికి సముద్రం అంటే భయమండి. జయప్రకాష్ పోయిన దగ్గర్నుంచి. బోటు బోల్తాలో విరిగిన చెయ్యికి కట్టు ఉన్నన్నాళ్లూ అది వంక. తరవాత వేట నిషేధం వచ్చింది, అది వంక. జూన్లో నావలు దిగేసరికి వంకలు అయిపోయేయి. నేను లాక్కురాలేదు. ఆయనే చిన్నపిల్లాడిలా ఏడ్చి, "పుష్పా, మొగ లేని చోటికి పోదాం" అని బతిమాలేరు. మీరు నన్ను ఎన్ని అన్నా, ఊరు ఎన్ని అన్నా నోరెత్తలేదు. నోరెత్తితే ఆయన పరువు పోతుంది. పరువు పోయేకన్నా మొగలో పడి చావడం మేలనుకునే మనిషి. మీరే అలా పెంచేరు.

మీరు లారీ తెచ్చి నావ పట్టుకుపోతే ఆయన వెనకే వస్తారు. వస్తే దాటమంటారు. మీ మాట కోసం దాటుతారు. అలలోకి వెళ్లేక చేతులు ఆడవు. అప్పుడు రెబెకా పక్కన నేనూ కూచుని చేపలు ఏరుతాను. మీకు అదే కావాలంటే రండి.

పుష్పలత


ఓడలరేవు,
నవంబరు 6.

పుష్పా,

ఇది రేవులో రాయలేదు. తలుపేసుకుని ఇంట్లో రాస్తున్నాను. శామ్యూల్ చేతికిచ్చి పంపుతున్నాను. ఈ ఒక్క ఉత్తరం వాడికి చదివి వినిపించకు.

నాకు తెలుసు. నీకంటే ముందు తెలుసు. నిషేధం ఎత్తేసిన రోజు వాడికి అన్నం క్యారేజీ పట్టుకుని రేవుకెళ్లేను. నావలన్నీ దిగిపోతున్నాయి. వీడు మన నావ వెనక నక్కి, అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ ఇంకా ఎక్కలేదు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూసి, "కడుపునొప్పమ్మా" అన్నాడు. మర్నాడూ కడుపునొప్పే. మీ మావగారితో కాపరం చేసినదాన్ని, కడుపునొప్పికీ భయానికీ తేడా తెలియదా నాకు? పిరికివాడన్న మాట ఈ రేవులో ఒకసారి పడితే ఆ మనిషికి బతికినన్నాళ్లూ పోదు. వాడితో ఎవరూ నావ ఎక్కరు, వాడు ఎదురు వస్తే వెనక్కి తిరుగుతారు.

అందుకని గొడవ పెట్టుకున్నాను. నీతో. కోడలు సముద్రం వద్దంటోంది, కోడలికి వాసన పడదు అని కుళాయి దగ్గర మొదలుపెట్టేను. సామాను వీధిలో వేసేను. పెళ్లాం మాట విని పోయేడంటే నవ్వి ఊరుకుంటారు. భయపడి పోయేడంటే ఊరుకోరు. ఎవరో ఒకరి పేరు పాడవ్వాలి. నా కొడుకుదా, పరాయి ఇంటినుంచి వచ్చినదానిదా అంటే నేను ఆలోచించలేదు. ఇప్పుడు అడిగినా ఆలోచించను.

నావ మీరు ఎత్తుకుపోయేరని నిజంగానే అనుకుంటున్నావా పిచ్చిదానా? ఆ నావని ఇద్దరు ఎత్తగలరా? శామ్యూల్‌తోపాటు పక్కూరి మగాళ్లు నలుగురు వచ్చి తాళ్లు కట్టేరే, వాళ్లని పంపిందెవరనుకున్నావు? కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. దొంగలు పోయేక లేచి, వీధిలోకొచ్చి గుండెలు బాదుకున్నాను. నావ తిరిగి ఇమ్మని అడగకపోతే ఊరికి అనుమానం వస్తుంది కాబట్టి ఆ ఉత్తరాలన్నీ రేవులో కూచుని పైకి చదువుతూ రాసేను. లారీ రాదు. నేనూ రాను. నావ అక్కడే ఉంటుంది.

ఇదంతా చెప్పేనని నువ్వంటే నాకు ప్రేమ పొంగిపోతోందనుకోకు. నువ్వు నావ ఎక్కడం నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. ఎక్కేవు కాబట్టి వాడు బతికేడు, అది వేరే సంగతి. రేపట్నుంచి మళ్లీ తిడతాను. తిట్టకపోతే ఊరు వాడివైపు చూస్తుంది. పడు. నీకు అలవాటే కదా.

అరిచేతులకి కొబ్బరినూనె వెచ్చచేసి రాసుకో. పసుపు వెయ్యకు, మండుతుంది.

మంగాయమ్మ


రాతిపెంట రేవు,
నవంబరు 12.

అత్తయ్యగారికి,

చదివి వినిపించకు అన్నారు. వినిపించేను.

మీ ఉత్తరం చదివి నాకు ఏడుపు రాలేదండి, ఒళ్లు మండిపోయింది. ఐదు నెలలు! ఒక్క మాట, ఒకే ఒక్క మాట నా చెవిలో వేసుంటే నేనే మీతో కలిసి నాటకం ఆడేదాన్ని. మీకంటే బాగా ఆడేదాన్ని. పరాయిదాన్ని కాబట్టి చెప్పలేదు. నా పేరంటే మీకు గుమ్మం ముందు వేసే కాళ్లు తుడుచుకునే గుడ్డ. అందరూ తుడుచుకోవచ్చు, మీ అబ్బాయి కాలికి బురద అంటకుండా ఉంటే చాలు. మా అమ్మ ఇప్పటికీ ఆ సంతకి వెళ్లడంలేదు.

మీకు మీ కొడుకంటే ఎంత ప్రేమో ఆయనకి తెలియాలనిపించింది. దానికి ఎవరు వెల కడుతున్నారో కూడా తెలియాలనిపించింది. రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి కాబట్టి మొదటినుంచి చివరిదాకా చదివేను, కొబ్బరినూనెతో సహా. ఆయన చెయ్యి చాపి ఆ కాగితం తీసుకున్నారు. చదవడం రాదు కదా, అయినా చాలాసేపు దానికేసి చూసేరు. తరవాత మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈ పొద్దున బస్సెక్కేరు. ఎక్కడికని అడిగితే, "ఊరికి" అన్నారు. ఎందుకో చెప్పలేదు. నేనూ వస్తానంటే, "ఇది నేనొక్కణ్ణే చెయ్యాలి పుష్పా" అన్నారు. నాకు భయంగా ఉందండి. మొగ దగ్గరికి వెళ్లనివ్వకండి. ఆయనకి ఏమన్నా అయితే మిమ్మల్ని నేను క్షమించను, నన్ను నేనూ క్షమించుకోను.

పుష్పలత


ఓడలరేవు,
నవంబరు 19.

పుష్పా,

వాడు బాగానే ఉన్నాడు. ముందు ఆ మాట చదువుకుని, ఊపిరి పీల్చుకుని, తరవాత మిగతాది చదువు.

బస్సు దిగి ఇంటికి రాలేదు. తిన్నగా రేవుకే వచ్చేడు. నావలన్నీ వచ్చే వేళ, ఊరంతా అక్కడే ఉంది. నేను గంప ఎత్తుకుంటున్నాను. వీడు వచ్చి మధ్యలో నిలబడ్డాడు. వద్దురా అని సైగ చేసేను. నా వైపు చూడనే లేదు.

"నాకు మొగ దాటాలంటే భయం. జయప్రకాష్ చెయ్యి నా చేతిలోంచే జారిపోయింది. అప్పట్నుంచి అలని చూస్తే నా చేతులు ఆడడం లేదు. నేనే పోదామన్నాను, పుష్ప లాక్కెళ్లలేదు. నావ మా అమ్మే ఇచ్చింది. ఇక మీదట ఎవరైనా ఏమన్నా అనాలంటే నన్ను అనండి" అన్నాడు. అంతే. అంత గట్టిగా వాడు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నవ్వుతారనుకున్నాను. నవ్వితే ఎవరి మొహం మీద గంప విసరాలో కూడా చూసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. రెబెకా లేచింది. చేపల చేతులతోనే వచ్చి వాడి చొక్కా పట్టుకుంది. "ఏడాదినుంచి నీ కోసం చూస్తున్నానన్నయ్యా. ఆయన ఆఖర్న ఏమన్నారో చెప్పడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు? నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయేవాడివి. నీకూ నేనంటే కోపమేమో అనుకున్నాను" అంది. వాడు అక్కడే ఇసకలో కూలబడి ఆ పిల్లకి అంతా చెప్పేడు. జయప్రకాష్ పాప పేరు పిలిచేడట. మిగతాది వాళ్లిద్దరి మధ్యా ఉండనీ.

నేను ఇన్నాళ్లూ కాపాడింది ఏమిటో నాకే అర్థం కావడంలేదు. వాణ్ణి ఊరు ఎక్కడ నవ్వుతుందోనని నోరు మూయించేను. ఆ పిల్ల ఏమో ఆ నోటి మాట కోసమే ఏడాదంతా కాచుకుని ఉంది. అందరిలోకీ తెలివైనదాన్ననుకున్నాను. పొరపాటు నాది. ఈ ముక్క మళ్లీ అడక్కు, రెండోసారి రాయను.

ఇంకో సంగతి. నిన్న కపిలేశ్వరపురం వెళ్లి సంతలో నిలబడ్డాను. మీ అమ్మ రాలేదు. ఇంటికే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేను. అందరూ వినేలా చెప్పేను, నా కోడలు నావ ఎత్తుకుపోలేదు, నా కొడుకుని ఒడ్డుకి చేర్చింది అని. మీ అమ్మ నాతో మాట్లాడలేదు. వంకాయలు మాత్రం కొంది.

జయప్రకాష్ ఏడాది ప్రార్థన ఈ నెలాఖర్న. అది అయ్యేదాకా రమణ రెబెకా ఇంటికి అండగా ఇక్కడే ఉంటాడు. నువ్వు అక్కడ ఒంటరిగా ఉన్నావు. ఇద్దరు లేకపోతే ఆ నీళ్లలో వేట లేదని నువ్వే రాసేవు. ఒక్కదానివీ వెళ్లే మొండిదానివని కూడా నాకు తెలుసు. వెళ్లకు.

ఆదివారం శామ్యూల్ లారీలో వస్తున్నాను. నావ కోసం కాదు. వల వదలడం నాకు తెలుసు, ఎన్ని వలలు అల్లేనో లెక్కలేదు. తెడ్డు నువ్వు వెయ్యి. కొత్త సూదికాడ కూడా తెస్తున్నాను. అక్కడికొచ్చేక నీ వంటకి వంక పెడతాను, నీ గుడిసెకి వంక పెడతాను, జిలేబీ చేపలు చచ్చినా తినను. ముందే చెప్తున్నాను.

ఒక్కటి మాత్రం చెయ్యి. నేను నావలో కాలు పెట్టేటప్పుడు నా మొహంకేసి చూడకు.

మంగాయమ్మ